గోరుముద్ద – బిడ్డ మనస్సు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథాలయ మహిమను గూర్చి చెప్పుట ఆచారము. అయినను గ్రంథములలోని జ్ఞానము ఇంటికి ఉపకరింపనిచో ఆ మహిమ బీరువాలోనే నిలిచిపోవును. అందుచేత ప్రతి యింటను దినమునకు రెండు మూడు మారులు జరుగు ఒక పని నేటి ప్రసంగమునకు విషయముగా గ్రహింపబడినది. ఆ పని బిడ్డకు అన్నము పెట్టుట.

ఈ మెట్టప్రాంతమున అన్నము మాట యెత్తగానే పెద్దలకు కరవు జ్ఞప్తికి వచ్చును. వానలు లేని యేడు జొన్నగటకతోను, అంబలితోను ప్రాణములు నిలుపుకొన్నవారు ఇంకను మన చౌటుప్పల్ పరిసరములందు ఉన్నారు. వారికి ఆకలి యనగా గంపలో గింజ లేకపోవుట. కాని గంప నిండియుండగా బిడ్డ తినకపోవుట యను మఱియొక బాధ కలదు. పదునాలుగేండ్ల పిల్ల, చదువులో ముందుండునది, పళ్లెము ముందు కూర్చుండి రెండు మెతుకులు నోట వేసికొని కడుపు నిండినదనును. ఆఱు మాసములు తిరుగునప్పటికి ముంజేతి గాజులు మోచేతివఱకు జారును. ఇంకొక యింట పిల్లవాడు అందఱును నిద్రించిన వెనుక వంటయింటికి పోయి చేతికందినదెల్ల తిని, పిదప సిగ్గుపడి వాంతి చేసికొనును.

ఇట్టి యింట రెండు మాటలు వినబడును. ఎవరి దిష్టియో తగిలినదని ఇరుగుపొరుగువా రందురు. తల్లి పెంపకము సరిగా లేదని చుట్టము లందురు. మొదటి మాటచే కాలము వృథాయగును. రెండవ మాటచే తల్లి మనస్సు విఱిగిపోవును. బాల్యమునందలి అనుబంధమునకును, తరువాతి వయస్సున భోజనమునందు కలుగు వైపరీత్యములకును సంబంధము కలదా? కలదన్నచో ఎంత? దానికై తల్లిని దోషిగా నిలుపవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకును తెలిసినంతవఱకు సమాధానము వెదకుట ఈ ప్రసంగోద్దేశము.

మొదట అందఱు నెఱిగిన కథ యొకటి. భాగవత దశమస్కంధమున యశోద పెరుగు చిలుకుచుండగా చిన్నికృష్ణుడు వచ్చి కవ్వము పట్టుకొని పాలకై మారాము చేయును. ఆమె బిడ్డను ఒడిలోనికి తీసికొని చన్నిచ్చుచుండును. ఇంతలో పొయ్యిమీది పాలు పొంగును. తల్లి బిడ్డను దించి పరుగెత్తును. బిడ్డకు ఇంకను తనివి తీరలేదు. కోపముతో పెదవి కొఱికికొని, ఱాతితో కుండ పగులగొట్టి, దొంగకన్నీరు కార్చుచు చాటునకు పోయి వెన్న తినును. ఱోలెక్కి కోతికి కూడ పెట్టును.

భక్తులకు ఇది లీల. గృహస్థులకు ఇందొక గృహసత్యము కూడ కనబడును. ఆ యింట పాలకు కొదువ లేదు. పొయ్యిమీద పొంగిపోవుచున్నవి పాలే కదా! ఒడి తప్పినందున ఆకలి కోపమైనది, కోపము చాటుతిండి యైనది. మఱి తల్లి తప్పు చేసెనా? పొంగు పాలను దించుకొనుట ఏ యిల్లాలికైనను ధర్మమే. ఎవరి తప్పును లేకయే ఎడబాటు కలిగినది. ఈ మాటను ప్రసంగము ముగియువఱకు జ్ఞప్తియందుంచుకొనవలెను.

మన పూర్వవైద్యులకును ఈ సంగతి తెలియును. అన్నము రుచింపని అరోచకమను వ్యాధిని చెప్పుచు చరక సంహిత వాతాది దోషములతో పాటు శోకము, భయము, అతిలోభము, క్రోధము అనువానిని కూడ కారణములుగా పేర్కొన్నది. అన్నద్వేషమునకు మూలము కడుపులోనే కాక మనస్సునందును ఉండునని వారి యభిప్రాయము.

పాశ్చాత్య దేశములందు ఈ విషయము 20వ శతాబ్ది మధ్యభాగమున శాస్త్రపరీక్షకు వచ్చినది. అంతవఱకు పెక్కుమంది పండితులు బిడ్డకు తల్లిపైగల మక్కువ పాలనుండి పుట్టినదే యని తలంచిరి. ఇంగ్లండు దేశపు వైద్యుడు జాన్ బౌల్బీ, ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కోరగా, ఇల్లులేని బిడ్డల స్థితిని పరిశీలించి 1951లో ఒక నివేదిక ప్రకటించిరి. తల్లితోగాని, తల్లి స్థానమున నిలకడగా నుండు వారితోగాని ఎడతెగని వెచ్చని సంబంధము శిశువునకు ఆవశ్యకమని అందు చెప్పిరి. దేహమునకు విటమినులును, మాంసకృత్తులును ఎట్టివో మనస్సునకు తల్లిప్రేమ అట్టిదని వారి పోలిక. ఆ సంబంధమునకు వారు వాడిన ‘అటాచ్‌మెంట్’ అను మాటను తెలుగున అనుబంధ మనవచ్చును.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున హ్యారీ హార్లో అను శాస్త్రజ్ఞుడు 1958లో ఒక ప్రయోగ ఫలితమును వెల్లడించెను. కోతిపిల్లలను పుట్టిన కొలది కాలమునకే తల్లినుండి వేఱుచేసి, రెండు బొమ్మతల్లుల నడుమ నుంచిరి. ఒకటి ఇనుపతీగలది, రెండవది మెత్తని గుడ్డ చుట్టినది. తీగబొమ్మకు పాలసీసా కట్టినప్పుడు సైతము పిల్లలు ఆకలి తీరువఱకే దానియొద్ద నుండి, తక్కిన కాలమెల్ల గుడ్డబొమ్మను కౌగిలించుకొని యుండెను. మూగజీవములయెడ క్రూరమైన పని యని నేడు పలువురు దీనిని నిందింతురు. ఆ నింద న్యాయమే. అయినను పాలు వేఱు, ఒడి వేఱు అను సత్యము దానివలన తేలినది. పూతన కథ వినిన జాతికి ఇది క్రొత్త కాదు. ఆమెయు పాలిచ్చెను!

మేరీ ఐన్స్‌వర్త్ అను విదుషి 1954, 55 సంవత్సరములలో ఆఫ్రికాయందలి ఉగాండా దేశమున కంపాలా నగర సమీపగ్రామములకు పోయి, 26 కుటుంబములలో 28 మంది శిశువులను వారి యిండ్లయందే పరిశీలించిరి. పిదప అమెరికాలో బాల్టిమోరు పట్టణమునను అట్లే చేసిరి. పాలుపట్టు తీరును గూర్చి సిల్వియా బెల్ అను సహపరిశోధకురాలితో కలిసి 1969లో వారు ప్రకటించిన వ్యాసము నేటి విషయమునకు మిక్కిలి దగ్గఱ. మొదటి మూడు మాసములలో బిడ్డ సంజ్ఞలను గుర్తించి, వాని వేగమునకు తగినట్లు పాలుపట్టిన తల్లుల బిడ్డలు ఏడాది నిండునాటికి తల్లియందు ఎక్కువ భరోసా గలవారై యుండిరి.

భరోసా గల బిడ్డ ఎప్పుడును కొంగు పట్టుకొని వ్రేలాడునని కొందఱు భ్రమపడుదురు. నిజమున కది వేఱు. తల్లి కనబడకున్న ఏడ్చినను, రాగానే ఆమెను చేరి, ఊఱట చెంది, మరల ఆటకు పోవు బిడ్డయే భరోసా గల బిడ్డ. పిలిచినచో పలుకువారున్నారను నమ్మకము ఆ బిడ్డకు కలదు. బిడ్డ మొట్టమొదట పిలుచునది ఆకలితోనే గదా! దినమునకు పదిమారులు జరుగు ఈ పిలుపు, ఈ బదులు, దీనినుండియే అనుబంధమను త్రాడు పేనబడుచున్నది.

అన్నమును, అనుబంధమును ఒకే మాటలో బిగించిన జాతి యొకటి కలదు. పశ్చిమాఫ్రికాలో నేడు ఘనా యనబడు దేశమున ‘గా’ అను భాష మాటలాడువారు చిన్నబిడ్డలకు వచ్చు ఒక జబ్బును ‘క్వాషియోర్కర్’ అందురు. క్రొత్తబిడ్డ వచ్చినప్పుడు స్థానము తప్పిన పెద్దబిడ్డకు వచ్చు జబ్బు అని దాని భావము. కాళ్లు వాచి, జుట్టు రంగు మాఱి, బిడ్డ ఆటపాటలు మాని, అన్నమును ముట్టక మూల్గుచుండును. అచట పనిచేసిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు దీనిని 1933లో వర్ణించి, 1935లో ఈ పేరుతోనే వైద్యలోకమునకు తెలిపిరి. పోషకాహారలోపమే యీ వ్యాధికి ముఖ్యకారణము. కాని ఆ లోపము మొదలగు ఘడియను ఆ పల్లెతల్లులు చక్కగా గుర్తించిరి. అది ఒడినుండి దిగిన ఘడియ.

మన పల్లెలలో పాలు మాన్పించు విధమును ఒక్కసారి తలంచుకొనవలెను. చన్నులకు వేపాకు నూఱి పూయుదురు. లేదా బిడ్డను కొన్నాళ్లు అమ్మమ్మ యింటికి పంపుదురు. ఒక్క దినముననే పాలును, తల్లి ప్రక్కయు, ఒడియు పోవును. ఏమి తప్పు చేసినందున ఇట్లు జరిగినదో ఆ బిడ్డకు తెలియదు. కొందఱు బిడ్డలు రెండు దినము లేడ్చి మఱచిపోవుదురు. కొందఱు అన్నముపై విముఖులై నెలలకొలది కృశింతురు.

1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా నారంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు ఈ శిశురోగములను చిరకాలము పరిశోధించిరి. డాక్టరు సి. గోపాలన్ గారి పేరు అందు ముఖ్యమైనది. ఆ సంస్థకు చెందిన షాహనాజ్ వజీర్ గారును, వారితో కూడిన దేశవిదేశ శాస్త్రజ్ఞులును మన నల్లగొండ జిల్లానే క్షేత్రముగా గైకొని చేసిన పరీక్ష 2013లో ప్రకటింపబడినది. అప్పటికి చౌటుప్పల్ కూడ ఆ జిల్లాలోనిదే. 2016లో గదా యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది.

ఆ పరీక్ష యిట్టిది. 60 గ్రామములను ఇరువదేసి చొప్పున మూడు జట్లుగా విభజించిరి. ఒక్కొక్క జట్టున 200 మంది తల్లులు, వారి మూడు మాసముల బిడ్డలు. మొదటి జట్టునకు మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండవ జట్టునకు అంగన్‌వాడీ సేవలతో పాటు చనుబాలను గూర్చియు, ఏ మాసమున ఏ ఆహారము పెట్టవలెనను విషయమును గూర్చియు బోధించిరి. మూడవ జట్టునకు ఇవన్నియు తెలుపుటే కాక, బిడ్డ ముఖము చూచుచు, వాని సంజ్ఞలకు బదులిచ్చుచు ఎట్లు తినిపింపవలెనో, ఎట్లు ఆడింపవలెనో నేర్పిరి. నేర్పినవారు శిక్షణ పొందిన పల్లెపడుచులే. ఏడాదిపాటు ఇంటింటికి పోయి చెప్పిరి.

ఫలితమేమి? రెండవ, మూడవ జట్ల బిడ్డలు మొదటివారికంటె ఎక్కువ తినిరి. శక్తినిచ్చు పదార్థములు, మాంసకృత్తులు, ఇనుము మొదలగునవి వారి యాహారమున హెచ్చినవి. పొడవు పెరుగుటలో మేలు రెండవ జట్టునందే కనబడినది, మూడవదానియందు కానరాలేదు. బుద్ధివికాస పరీక్షలో మాత్రము మూడవ జట్టు మొదటిదానికంటె సగటున మూడు గుణముల మేఱకు మిన్నయైనది. రెండవ జట్టున ఆ యాధిక్యము లేదు. ఏమి పెట్టవలెనో తెలిసికొనుట దేహమునకు మేలు చేసినది, ఎట్లు పెట్టవలెనో తెలిసికొనుట బుద్ధికి మేలు చేసినది. భోజనవైపరీత్యములను గూర్చి చేసిన పరీక్ష ఇది కాకపోయినను, ముద్దలోని పదార్థము వేఱు, ముద్ద పెట్టు తీరు వేఱు అని మన మట్టిమీదనే తేలిన విషయమగుటచే ఇచట స్మరింపదగినది.

ఇక ఆ వైపరీత్యముల సంగతి. తినగలిగియు తినక క్షీణించు వ్యాధికి 1870వ దశకమున ఇంగ్లండులో విలియం గల్ అను వైద్యుడు ‘అనొరెక్సియా నెర్వోసా’ యని పేరిడెను. అదే కాలమున, 1873లో, పారిసున లాసేగ్ అను వైద్యుడును ఇట్టి రోగులను వర్ణించెను. అమితముగా తిని వాంతిచే వెడలగొట్టు వ్యాధిని 1979లో లండనున జెరాల్డ్ రసెల్ ‘బులీమియా నెర్వోసా’ యనెను. ఇవి యౌవనారంభమున ఆడపిల్లలలో ఎక్కువగా కనబడును. మగపిల్లలకు రావని కాదు.

బాల్యమునకును వీనికిని గల సంబంధమును లోతుగా విచారించినవారు హిల్డే బ్రూక్ అను వైద్యురాలు. 1904లో జర్మనీలో పుట్టి, హిట్లరు కాలమున దేశము విడిచి అమెరికా చేరిరి. 1973లోను, 1978లోను వారు రచించిన గ్రంథములు ప్రసిద్ధములు. రెండవదాని పేరునకు ‘బంగారు పంజరము’ అని యర్థము. వారి వాదము సులభము. ఆకలి యనునది పుట్టుకతోనే వచ్చినను, దానిని గుర్తించుట నేర్చుకొనవలసిన విద్య. బిడ్డ చలికి ఏడ్చినను, భయమున కేడ్చినను, తోడుకై ఏడ్చినను నోట పాలే పెట్టినచో ఆకలి యేది, దిగులేది యను వివేకము అలవడదు. అట్టి బిడ్డ పెరిగి దిగులు కలిగినపుడు తినును, లేదా తన యాకలిని తానే గుర్తింపక మానును. అడుగనిదే అమ్మయినను పెట్టదని సామెత. బ్రూక్ గారి మాట దీనికి రెండవ పార్శ్వము: అడిగినది విడిచి మఱియొకటి పెట్టుచున్నచో, అడుగుటయే బిడ్డ మఱచిపోవును.

ఇంతవఱకు విన్నవారు, అట్లయిన తల్లిదే తప్పు గదా యని తేల్చివేయ వచ్చును. ఇచటనే నిలిచి ఆలోచింపవలెను. బ్రూక్ గారి వాదము వైద్యురాలిగా రోగులను చూచి యేర్పఱచుకొన్న ఊహ. తరువాతి పరిశోధకులు ఈ రోగులను బాల్యానుబంధములను గూర్చి ప్రశ్నించినపుడు, భరోసాలేని అనుబంధము తక్కినవారిలోకంటె వీరిలో ఎక్కువగా కనబడిన మాట నిజము. కాని భరోసాలేక పెరిగిన వారిలో పెక్కుమందికి ఈ వ్యాధులు రానేరావు. ప్రేమగా పెరిగిన పిల్లలకును వచ్చుచున్నవి. కవలపిల్లలపై చేసిన పరిశోధనలు వంశపారంపర్యమునకు గణనీయమైన పాలున్నదని చూపినవి. అనుబంధ లోపము త్రోవను జాఱుడు చేయు వానవంటిది. వానలో నడచిన వారందఱును పడరు, ఎండలో నడచినవారును కాలుజాఱి పడవచ్చును.

మఱియొక సంగతి. అమెరికాలోని మిన్నెసోటాలో 1944, 45 సంవత్సరములలో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, ఆరోగ్యవంతులై స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన 36 మంది యువకులకు ఆఱు మాసములపాటు అర్ధాహారమిచ్చి చూచెను. వారు క్రమముగా చిరచిరలాడువారై, స్నేహితులకు దూరమై, రేయింబవళ్లు అన్నమును గూర్చియే తలంచుచు, ముద్దను గంటలకొలది నానుచు తినజొచ్చిరి. వారి తల్లుల పెంపకమున ఏ లోపమును లేదు. పస్తే మనస్సును మార్చినది. కాబట్టి ఎండిపోవుచున్న పిల్ల తల్లితో కలహించుట చూచి, ఆ కలహముననే వ్యాధి పుట్టినదనుట తొందరపాటు. వ్యాధియే కలహమును పుట్టించి యుండవచ్చును.

ఈ కారణములచేతనే ఈ రోగములను చికిత్సించు వైద్యుల అంతర్జాతీయ సంఘము, కుటుంబమే ఏకైక కారణమనిగాని, ముఖ్యకారణమనిగాని చెప్పు సిద్ధాంతమును తిరస్కరించుచు 2010లో ఒక ప్రకటన చేసినది. పూర్వము విలియం గల్ బంధువులను రోగికి దూరముగా నుంచుటయే మేలనెను. నేడు చికిత్స దారి మఱలినది. లండనులోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980వ దశకమున రూపొందిన పద్ధతిలో, కౌమారవయస్సు పిల్లలకు అన్నము పెట్టు బాధ్యతను తల్లిదండ్రులకే అప్పగించి, వైద్యులు వెనుకనుండి త్రోవ చూపుదురు. పిన్న వయస్కులలో, వ్యాధి ముదరక మునుపు, ఇది మంచి ఫలమిచ్చుచున్నది. నిందితులుగా నిలిచిన తల్లులే ఇపుడు వైద్యమునకు కుడిభుజమైరి.

మన దేశముననో? ఢిల్లీ మానసిక వైద్యులు ఖండేల్వాల్ ప్రభృతులు 1995లో అయిదుగురు యువతుల వృత్తాంతము ప్రకటించిరి. అన్నము నిరాకరించుట, ఎడతెగని వాంతులు, బరువు తగ్గుట, ఋతుస్రావము నిలిచిపోవుట వారియందు కనబడినవి. లావగుదుమను భయము మాత్రము పాశ్చాత్య రోగులయందువలె ప్రస్ఫుటముగా లేదు. మన యిండ్లయందు అన్నముపై అలుగుట చాల ప్రాతభాష. నోట చెప్పలేని కోపమును, దుఃఖమును కోడలును, కూతురును పళ్లెమును త్రోసి చెప్పుదురు. అలక వ్యాధి కాదు. ఎవరైన వచ్చి పేరుపెట్టి పిలిచి, ప్రక్కన కూర్చున్నచో అది తీరును. పిలిచినను తీరనపుడు, దినములు వారములైనపుడు, అది అలక హద్దు దాటినదని గ్రహింపవలెను.

ఇంటిలో చేయదగిన దేమి? కాయకష్టము చేయు తల్లికి ఈ మాటలు క్రొత్త భారము కారాదు. పత్తి యేరబోవు తల్లి, కొయ్యలగూడెమున మగ్గముముందు ఆసు పోయు తల్లి, రహదారి ప్రక్క కర్మాగారమున షిఫ్టు పనికి పోవు తల్లి దినమంతయు బిడ్డ నెత్తుకొని కూర్చుండలేరు. కూర్చుండవలెనని శాస్త్రమును చెప్పలేదు. నిలకడగా పలుకు వారొకరుండవలెనన్నది. ఆ యొకరు నాయనమ్మ కావచ్చును, అమ్మమ్మ కావచ్చును, తండ్రియు కావచ్చును. బిడ్డకు బువ్వ పెట్టుట మగతనమునకు లోపమని తలంచు తండ్రులు ఈ విషయమున నష్టపోవుచున్నారు.

పెట్టు రెండు ముద్దలైనను ముఖము చూచి పెట్టవలెను. చందమామను చూపి గోరుముద్దలు పెట్టిన మన అవ్వలు ముద్దకు ముద్దకు నడుమ ఆగుట యెఱుగుదురు. బిడ్డ నోరు తెఱచిన పెట్టుదురు, తల త్రిప్పిన ఆగుదురు. నేడు సెల్‌ఫోను ముందుంచి, బిడ్డకు తెలియకుండ నోట కుక్కుట అలవాటగుచున్నది. కడుపు నిండినదను కబురు వినుటకు ఆ బిడ్డకు తీరికయే లేదు. బూచి వచ్చునని, పోలీసు వచ్చునని భయపెట్టి తినిపించుటయు కూడదు. భయముతో మ్రింగిన ముద్ద భయముతోనే జ్ఞప్తియందుండును. తప్పు చేసినందుకు పస్తు పెట్టుట, ఏడుపు మాన్పుటకు మిఠాయి పెట్టుట, ఈ రెండును ఆకలిని వేఱొక పనికి వాడుటయే.

ఆఱు మాసములు చనుబాలే, ఆపైన ఇతరాహారముతో కూడ రెండేండ్లు లేదా అంతకు మించి చనుబాలు ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మాన్పునపుడు మెల్లమెల్లగా మాన్పి, పాలు పోయినను ప్రక్కయు, ఒడియు పోకుండ చూచుట మేలు. ఎదిగిన పిల్లలను బక్కదని, బొద్దుదని పదిమందిలో ఎగతాళి చేయుట ఈ వ్యాధులకు త్రోవ తీయును. హాస్టళ్లలో నుండు పిల్లలు సెలవులకు వచ్చినపుడు మార్కులు అడుగుటకు ముందు, ఎట్లు తినుచున్నారో, ఎవరి ప్రక్కన కూర్చుండి తినుచున్నారో అడుగుట మంచిది.

బరువు త్వరత్వరగా తగ్గుచున్నను, నెలసరి నిలిచినను, కళ్లు తిరిగి పడుచున్నను, భోజనానంతరము చాటుగా వాంతి చేసికొనుచున్నను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. మానసిక వ్యాధులలో ప్రాణాపాయము మిక్కిలి ఎక్కువగా గలవానిలో అనొరెక్సియా యొకటి. చాలకాలము పస్తున్న దేహమునకు ఒక్కసారిగా హెచ్చుగా పెట్టుటయు అపాయమే, అది వైద్యుల సలహాతో జరుగవలెను. దాపున బీబీనగరున ఎయిమ్స్ ఆసుపత్రి కలదు. 2022లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ అను ఉచిత సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మాటలాడ వచ్చును. దిష్టి తీయు ఆచారమున్నవారు తీసికొనవచ్చును గాని, దానితో ఆగరాదు.

మొదటి మూడు ప్రశ్నలకును ఇపుడు బదులు చెప్పవచ్చును. సంబంధము కలదు. అది పెక్కు కారణములలో ఒక్క పాయ మాత్రమే. తల్లిని దోషిగా నిలుపుట శాస్త్రమునకును, న్యాయమునకును విరుద్ధము. ఆమెను తోడుగా నిలుపుకొనుటయే రోగికి మేలు.

యశోద కథ అచటనే ముగియలేదు. వెన్న దొంగను పట్టుకొని ఱోటికి కట్టబోవగా త్రాడు రెండంగుళములు చాలదయ్యెను. ఇంకొక త్రాడు ముడివేసిన అదియు రెండంగుళములే తక్కువ. ఇంటనున్న త్రాళ్లన్నియు కలిపినను కొఱత తీరలేదు. చెమటతో అలసిన తల్లిని చూచి, జాలిగొని, ఆ బిడ్డ తానే కట్టుబడెను. బలవంతముగా తినిపించు ముద్దకు ఎపుడును రెండంగుళములు తక్కువే. అలసిన తల్లులను చూచి బిడ్డలు కట్టుబడుదురు గాక! ఎదురు చూచుచున్న బిడ్డలను చూచి పెద్దలు పొయ్యి దించి వత్తురు గాక! ఈ గ్రంథాలయమున శిశుపోషణకు సంబంధించిన తెలుగు పుస్తకములు ఒక అరనిండ చేరి, వానిని తల్లులు ఇంటికి కొనిపోవు దినము రజతోత్సవమునకు నిజమైన ఫలము.